కొర్లగుంట నిప్పట్ల అంగడి: కిలో 320 ఎందుకంటే

ముందు ధరల సంగతి చెప్పేస్తాను. ఈ అంగడి గురించి నేను ఎవరికి చెప్పినా మొదట అడిగేది అదే. నిప్పట్లు కిలో 320. మురుకులు 300. కారప్పొడి పావుకిలో 130. అతిరసాలు ఒక్కొక్కటి 14 రూపాయలు. చలికాలంలో పితికిపప్పు, అంటే తోలు తీసిన అనపగింజలు, అరకిలో 180. తిరుపతి బజార్లో నిప్పట్లు 240కి కూడా దొరుకుతాయి, నేనూ కొన్నాను. మరి కిలోకి ఎనభై రూపాయలు ఎక్కువ పెట్టి అదే ఊళ్లో కొర్లగుంట సందుల్లోకి వెతుక్కుంటూ ఎందుకు పోవాలి? నేను లెక్కల టీచర్ని. ఆ ఎనభై ఎక్కడికి పోతోందో తెలిసేదాకా నాకు నిద్రపట్టదు. తెలిసింది కాబట్టే ఇది రాస్తున్నాను.

అంగడి చాలా చిన్నది. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండు మలుపులు తిరగాలి. ముందర ఒక షట్టరు, దాని వెనకాల పొయ్యిల గది, అంతే. బోర్డు మీద 'ఇంటి తినుబండారాలు' అని తప్ప ఇంకేమీ లేదు. నడిపేది ఒక అక్క, యాభై దాటి ఉంటాయి. పేరు రాయొద్దు అంది. "పేరెందుకు టీచరమ్మా, నిప్పట్లు బాగుంటే చెప్పండి, బాగలేకపోతే నాతో చెప్పండి" అంది. అందుకని ఇక్కడ ఆమె అక్కే.

నేను మొదటిసారి వెళ్లింది 2023 దీపావళికి. మా స్టాఫ్ రూంలో ఎవరో తెచ్చిన నిప్పట్టు తిని, ఎక్కడిదని అడిగి మరీ వెళ్లాను. నిప్పట్టు అంటే కోస్తా వాళ్లు చెక్కలు అంటారే, అవే. కానీ మన చిత్తూరు, తిరుపతి వైపు నిప్పట్టు కొంచెం మందంగా, చెనక్కాయ (వేరుశెనగ) గింజలు కచ్చాపచ్చాగా కనబడుతూ ఉండాలి. విరిస్తే టప్పుమని ఒక్కసారి విరగాలి. విరిచిన చోట నూనె మరక వేలికి అంటకూడదు. ఈ అక్క నిప్పట్లలో ఆ మూడూ ఉన్నాయి. నువ్వులు పైపైన అద్దినట్టు కాక పిండిలోనే కలిసి ఉంటాయి. కారం నాలుక చివర కాదు, మింగాక గొంతులో తెలుస్తుంది.

ఎలా చేస్తుందో ఒకసారి నిలబడి చూశాను. బియ్యప్పిండి, పుట్నాల పిండి, ఉప్పు, కారం, నువ్వులు, నానబెట్టిన శెనగపప్పు, దంచిన చెనక్కాయ గింజలు, కరివేపాకు అన్నీ పొడిగానే కలిపి పెద్ద బేసినులో పెట్టుకుంటుంది. వెన్న కాచి వేడివేడిగా దాంట్లో పోసి, రెండు అరచేతుల మధ్య పిండిని రుద్దుతుంది. పిడికిలి పట్టి వదిలితే ముద్ద నిలబడాలి, వేలితో పొడిస్తే రాలిపోవాలి. అప్పుడే వెన్న సరిపోయినట్టు. నీళ్లు మాత్రం మొత్తం పిండికి ఒకేసారి పొయ్యదు. ఒక వాయికి సరిపడా పిండి పక్కకు తీసి, దానికి మాత్రం కలుపుతుంది. "కలిపిన పిండి ఊరికే పెడితే నూనె తాగతాది. నూనె తాగిన నిప్పట్టు రెండో రోజుకే వాసనొస్తాది" అని చెప్పింది. మొత్తం ఒకేసారి కలిపేస్తే పని సగమవుతుంది. ఆ సగం పనిని మిగుల్చుకోకపోవడమే ఆమె నిప్పట్టు రుచి అని నాకనిపించింది.

నూనెలో వేశాక ఆమె చూసేది రంగు కాదు, వినేది చప్పుడు. మొదట బుసబుసమని గట్టిగా పొంగుతుంది. బుడగలు తగ్గి చప్పుడు సన్నబడగానే జల్లిగరిటె లోపలికి పోతుంది. ఫోను మోగినా ఆ రెండు నిమిషాలు ఎత్తదు. ఆర్డరు కోసం ఫోను చేసి ఎత్తలేదని విసుక్కునేవాళ్లకు ఇది ముందే చెబుతున్నాను: పదకొండు నుంచి నాలుగు వరకు పొయ్యి ముందరే ఉంటుంది, ఆ టైంలో ఎత్తదు. వాట్సాప్‌లో రాసి పెడితే సాయంత్రం జవాబిస్తుంది.

ఇక లెక్క. డబ్బులిచ్చే బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది, మా పిల్లలు హోంవర్క్ రాసేలాంటిది. ఒకసారి వెళ్లినప్పుడు అది తెరిచి ఉంది. నా కళ్లు అక్కడికే పోయాయి. అక్క చూసి, "చూడండి, తప్పుంటే చెప్పండి" అని నా వైపు తిప్పింది. అయిదో తరగతి వరకే చదివిన మనిషి. అక్షరాలు పెద్దపెద్దగా ఉన్నాయి, కూడికలో ఒక్క తప్పు లేదు. ఆ రోజు నిప్పట్ల పేజీ నాకింకా గుర్తుంది. బియ్యప్పిండి 12 కిలోలు 600. చెనక్కాయ గింజలు 2 కిలోలు 300. పుట్నాల పిండి 120, శెనగపప్పు 100, నువ్వులు 110. వెన్న 550. నూనె 6 లీటర్లు 1,020. కారం, ఉప్పు, కరివేపాకు 200. గ్యాసు 300. కవర్లు 150. బాడుగ 250, అంటే నెలకు ఏడున్నర వేలను ముప్పైతో భాగించి రాసింది. ఇద్దరు ఆడవాళ్ల కూలి వెయ్యి. దాని కింద, అదే రంగు ఇంకుతో, అదే సైజు అక్షరాలతో: 'నా కూలి 700'.

మొత్తం 5,400. వచ్చిన నిప్పట్లు 22 కిలోలు. కిలోకి 245 దగ్గర పడింది. అమ్మేది 320కి. మధ్యలో ఉన్న 75లో విరిగిపోయినవి, మిగిలిపోయినవి, ఉప్పెక్కువై పారేసినవి, కరెంటు, అప్పు కంతు అన్నీ పోవాలి. మిగిలింది లాభం. ఆ కూలి గీత ఒక్కటి తీసేస్తే ఖర్చు కిలోకి 214కి దిగుతుంది. అప్పుడు 240కి అమ్మినా కిలోకి పాతిక రూపాయలు లాభం వచ్చినట్టే కనిపిస్తుంది.

ఆ 'కనిపించే లాభం' నాకు బాగా తెలుసు. దాంతో మా ఇంట్లో మూడేళ్లు గడిపాం.

మాది చంద్రగిరి. 1996 నుంచి 1999 వరకు మా అమ్మ అప్పడాలు, మామిడి ఊరగాయ చేసి ఒక అంగడికి వేసేది. ఏ అంగడో ఇక్కడ చెప్పను. సరుకు ముందు ఇవ్వాలి, అమ్ముడుపోయాక డబ్బులిస్తారు. విరిగిన అప్పడాలు వెనక్కి వచ్చేవి, వాటికి డబ్బుల్లేవు. అడగడానికి నన్నే పంపేది, ఎనిమిదో తరగతి పిల్లని. "వచ్చే శుక్రవారం రామ్మా" అనేవాళ్లు. శుక్రవారం వెళితే మళ్లీ శుక్రవారం. చివరికి 1,150 రూపాయలు రాకుండానే ఆగిపోయాయి, అమ్మ కూడా ఆపేసింది. పుస్తకం అమ్మకూ ఉండేది. దాంట్లో మినప్పప్పు ధర ఉండేది, మామిడికాయల ధర ఉండేది. రాత్రి పదకొండు వరకు అప్పడాలు ఒత్తిన మనిషి ధర ఎక్కడా ఉండేది కాదు. కారం కలిపిన రోజు చేతులు మండి, చల్లటి మజ్జిగలో వేళ్లు పెట్టుకుని కూర్చునేది. మా నాన్న చెడ్డవాడు కాదు. కానీ వచ్చినవాళ్లతో "ఇంట్లో ఊరికే ఉండేది కదా, ఏదో ఒకటి చేస్తా ఉంది" అనేవాడు. అమ్మ కూడా అదే అనుకునేది.

అప్పట్లో అమ్మ పొదుపు సంఘంలో కూడా ఉండేది. పక్క జిల్లా నెల్లూరులో 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించాక, రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు ఊరూరా పుట్టాయి. డ్వాక్రా పథకం అంతకు ముందు 1982 నుంచే ఉంది కానీ, మా వైపు ఇళ్లలోకి ఆ మాట వచ్చింది ఆ రోజుల్లోనే. రూపాయి దాచుకోవడం అమ్మకు వచ్చేసింది. తన పనికి రూపాయి కట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ విషయం తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టుకుంటుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం టైం ఎలా గడుపుతున్నారని సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. నేను ఆ అంకెలు బోర్డు మీద రాసి తొమ్మిదో తరగతి పిల్లల చేత నిష్పత్తి కట్టించాను. మూడు రెట్లు దాటింది. ఆ 299 అయ్యాక మిగిలిన టైంలోనే మా అమ్మ అప్పడాలు ఒత్తింది.

అందుకే అక్కను అడిగాను, నీ కూలి రాసుకోవాలని ఎవరు చెప్పారని. ఆమె జవాబు నాకు ఏ ట్రైనింగులోనూ దొరకలేదు. "ముందు లాడ్జిలో రూములు తుడిచేదాన్ని. నెలకి తొమ్మిది వేలు ఇచ్చేవాళ్లు. ఇక్కడ అంతకంటే తక్కువ మిగిలితే, నేను లాడ్జికే పోవచ్చు కదా. అంగడెందుకు? అది తెలియాలంటే రాసుకోవాల్సిందే కదా టీచరమ్మా."

అక్క వాళ్లది పాకాల దాటాక ఒక పల్లె. మూడెకరాల్లో చెనక్కాయ వేసేవాళ్లు. వానలు లేక, బోర్లు ఎండి, రెండు ఆవులు కూడా అమ్మేసి 2009లో తిరుపతి వచ్చారు. మన జిల్లాలో ఇలాంటి కథ ఏ వీధిలో అడిగినా వినబడుతుంది. చేను వదిలి వచ్చిన మగవాళ్లు ఆటో నడిపితే, ఆడవాళ్లు లాడ్జీల్లో, మెస్సుల్లో, ఆస్పత్రుల్లో తుడిచే పనికి చేరారు. ఈ ఊరంతా కొండ మీదకు వచ్చే జనం మీదే నడుస్తుంది. 2020 మార్చి 20న దర్శనాలు ఆపేసినప్పుడు అది అందరికీ తెలిసొచ్చింది. జూన్ 11న మళ్లీ మామూలు భక్తులను పంపేదాకా లాడ్జీలకు తాళాలే. ఆ తర్వాత కూడా చాలా నెలలు రూములు నిండలేదు. అక్కను రావద్దన్నారు. ఆ చలికాలం రోడ్డు పక్కన గోనెసంచి పరుచుకుని పితికిపప్పు అమ్మింది. వ్యాపారం మొదలైంది అక్కడే.

పితికిపప్పు గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. పచ్చి అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే, తోలు వేళ్ల మధ్య మిగిలి పప్పు చెంగున గిన్నెలో పడుతుంది. ఒక్కో గింజకు ఒక్కో నొక్కుడు. మిషన్ లేదు, షార్ట్‌కట్ లేదు. కిలో కాయలు ఒలిస్తే అరకిలో గింజలు కూడా రావు. గంటసేపు కూర్చుంటే గోళ్ల అంచులు నల్లబడి, ఆ జిడ్డు, ఆ వాసన రెండు రోజులు పోవు. కానీ మంచు కురిసే రోజుల్లో వచ్చిన కాయకుండే ఘుమఘుమ ఇంకే కూరగాయకూ ఉండదు. కొబ్బరి, తెల్లగడ్డ, లవంగం, చెక్క నూరి పులుసు పెట్టి, రాగిసంగటి ముద్దతో తింటే ఆ పూట ఇంకేమీ అక్కర్లేదు. అక్క దగ్గర దొరికే వాటిల్లో నేను మొదటి మార్కు దీనికే ఇస్తాను, నిప్పట్లకు కాదు. పప్పులో తోలు ముక్క ఒక్కటి ఉండదు. పొద్దున పితికింది పొద్దునే ఇస్తుంది. నిన్నటిది నీళ్లలో వేసి ఇవ్వడం ఇన్ని రోజుల్లో నేను చూడలేదు.

రోడ్డు పక్కన కూర్చున్నప్పుడే జనం బేరం ఆడేవాళ్లట. "తోలు తీసిందానికి ఇంత ఎక్కువా?" అని. కాయ కొనుక్కుంటే చవకే కదా, తోలు మీరే తీసుకోండి అని అక్క పక్కన కాయలు కూడా పెట్టేదట. చాలామంది కాయలు చూసి, తమ వేళ్లు చూసుకుని, పప్పే కొనేవాళ్లు.

2021లో ఇంట్లోనే నిప్పట్లు మొదలుపెట్టింది. ఆమె పొదుపు సంఘంలో పదిమంది ఉంటే, ఇద్దరు ఆమెతో కలిశారు. అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళితే, మీ ఆయన్ను తీసుకురా అన్నారట. ఏ బ్యాంకో నేను అడగలేదు. వ్యాపారం తనది, సంతకం తనది, కంతు కట్టేది తను, మరి ఆయన ఎందుకని ఆమె అక్కడే అడిగింది. ఆ రోజు పని కాలేదు. వేరే బ్రాంచీలో ముద్ర శిశు (చిన్న వ్యాపారాలకిచ్చే అప్పు) కింద యాభై వేలు వచ్చింది. యాభై వేల వరకు హామీ ఏదీ పెట్టనక్కర్లేదని 2015లో ఆ పథకం వచ్చినప్పటి నుంచీ ఉన్న రూలే. తర్వాత సంఘం ద్వారా, చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో సభ్యురాలికి నలభై వేల దాకా ఇచ్చే మూలధనం అందింది. దాంతో పెద్ద బాండలి, తూకం మిషన్, కవర్లు అతికించే సీలర్ కొంది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ అంటే భయపడింది కానీ, చిన్న వ్యాపారానికి అప్పుడు ఏడాదికి వంద రూపాయలే. ఇప్పుడు ప్రతి కవరు మీదా ఆ 14 అంకెల నంబరు, చేసిన తేదీ ముద్ర ఉంటాయి. మా చెల్లెలు కొడుక్కి అమెరికాకు పంపేటప్పుడు నాకు టెన్షన్ లేకపోవడానికి ఆ ముద్రే కారణం. ఏ రోజు వేయించారో తెలుస్తుంది, దాన్నిబట్టి పంపవచ్చు. 2023లో ఈ షట్టరు బాడుగకు తీసుకుంది.

బేరమాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా కళ్ల ముందే ఒకాయన, మంచి బండిలో వచ్చారు, "ఇంట్లో చేసేదే కదమ్మా, ఇంత రేటా" అన్నారు. అక్క కోప్పడలేదు, తగ్గించనూ లేదు. "ఇంట్లో కాదు సార్, అంగట్లో" అంది. ఆయన అరకిలో తీసుకుని వెళ్లారు. నాకు ఆ సమాధానం భలే నచ్చింది. ఇంట్లో చేసేది అన్న మాటలోనే మనం ఆడవాళ్ల కూలి కోసేస్తాం. హోటల్లో దోసెకు తొంభై ఇచ్చేటప్పుడు మాస్టరు జీతం ఎంతని ఎవరూ అడగరు.

ధర 300 నుంచి 320 అయింది నేను చూస్తుండగానే. రెండు కారణాలు. 2024 సెప్టెంబరులో వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచాక ఆమె కొనే సన్‌ఫ్లవర్ నూనె డబ్బా ధర మారిపోయింది. రెండోది, పనిలో ఉన్న ఒక అమ్మాయి శ్రీసిటీలో ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. అక్కడ పీఎఫ్, ఈఎస్‌ఐ, ఇంటి దగ్గరికి బస్సు. "దానికి మంచే జరిగింది, పోవద్దని ఎట్లా అంటాను" అంది అక్క. మిగిలినవాళ్ల కూలి నాలుగొందల నుంచి అయిదొందలు చేసింది. ధర పెంచిన రోజు ఒక అట్టముక్క మీద 'నూనె, కూలి పెరిగినాయి' అని రాసి వేలాడదీసింది. నిజం చెప్పి ధర పెంచే అంగడి నాకు నచ్చుతుంది. కవరులో వంద గ్రాములు తగ్గించి అదే ధర రాసేవాళ్లను చూసి విసిగిపోయాను.

బెల్లం చిత్తూరు నుంచి తనే వెళ్లి తెచ్చుకుంటుంది. అతిరసాలకు ఆ నల్లబెల్లమే కావాలంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక, పుస్తకంలో ఆ గీత దగ్గర 'బస్సు 0' అని రాస్తోంది. సున్నా అయినా రాయాలట, రేపు టికెట్ పెడితే ఎంత పెరిగిందో తెలియాలి కదా అంటుంది. వాళ్లాయన ఆటోలో పిండి మిల్లుకు వెళ్లి వస్తే, ఆటో బాడుగ కూడా రాస్తుంది. ఇంటి ఆటోకి బాడుగేంటని మొదట్లో ఆయనా నవ్వాడట. ఇప్పుడు నెలాఖరుకి ఆయనే వచ్చి లెక్క చూసి తీసుకుంటాడు.

బాగలేనివి కూడా చెప్పాలి. మురుకులు మామూలుగానే ఉంటాయి. గట్టిదనం సరిపోతుంది కానీ, వాము వాసన లేదు. మురుకుల కోసం ఇంత దూరం రానక్కర్లేదు. అతిరసాలు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి. పోయిన దసరాకు తీసుకున్న ముప్పైలో సగం గట్టిపడి, మా మామగారు కొరకలేకపోయారు. మర్నాడు వెళ్లి చెప్పాను. పాకం ఒక నిమిషం ముదిరిందని ఒప్పుకుని పదిహేనింటి డబ్బులు వెనక్కి ఇచ్చింది. నేను వద్దన్నా వినలేదు, పుస్తకంలో నష్టం కింద రాసుకుంది. చెనక్కాయ ఊరిబిండి (గట్టి పచ్చడి) రుచి అద్భుతం, కాకపోతే పలచటి ప్లాస్టిక్ డబ్బాలో ఇస్తుంది. ఒకసారి నా బ్యాగులో కారిపోయి పరీక్ష పేపర్లకు అంటింది. స్టీలు డబ్బా మీరే తీసుకెళ్లండి. అది రెండో రోజుకే పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టినా మూడో రోజు వద్దు. ఆదివారం సాయంత్రం జనం ఎక్కువ, నిలబడటానికి చోటుండదు, పెద్దవాళ్లను తీసుకెళితే కూర్చోబెట్టడానికి ఒక స్టూలే ఉంది. ఫోన్‌పే ఉంది, కానీ డబ్బులు పడ్డ మాట వినిపించే పెట్టె లేదు. ఆమె చేతులు పిండిలో ఉంటే, ఫోను తీసి చూసేదాకా మనం ఆగాలి. చిల్లర తీసుకెళితే పని తొందరగా అవుతుంది.

పెద్ద ఆర్డర్ల విషయంలో ఆమెకొక పద్ధతి ఉంది. సగం డబ్బులు ముందివ్వాలి. మా కొలీగ్ ఒకామె దానికి నొచ్చుకుంది, తెలిసినవాళ్ల దగ్గర కూడా అడ్వాన్సా అని. నాకు మాత్రం చంద్రగిరి శుక్రవారాలు గుర్తొచ్చి, మారు మాట్లాడకుండా ఇచ్చేశాను. అంగళ్లకు వేయడం కూడా ఆమె మానేసింది. అమ్ముడుపోయాక ఇస్తాం అన్నవాళ్లకు వెయ్యదు. ఇద్దరు అంగడివాళ్లు మాత్రం సరుకు దించగానే డబ్బులిస్తారు, వాళ్లకే వేస్తుంది.

పోయిన డిసెంబరులో మా అమ్మను తీసుకెళ్లాను. డెబ్బై ఒకటి ఇప్పుడు, మోకాళ్ల నొప్పులు. ఆ ఒక్క స్టూలు మీద కూర్చుంది. లోపల నలుగురు ఆడవాళ్లు చాప మీద గిన్నెల చుట్టూ కూర్చుని అనపగింజలు పితుకుతున్నారు. అమ్మ కాసేపు చూసి, ఒక గిన్నె ఇటు ఇమ్మంది. వద్దమ్మా అన్నాను. వినలేదు. మాటల్లో పడి గంటన్నర పితికింది. ఆ వేళ్లు అలవాటైన వేళ్లు, చూడకుండానే పప్పు గిన్నెలో పడుతోంది. బయల్దేరేటప్పుడు అక్క పప్పును తూకం వేసి, పుస్తకంలో ఒక కొత్త గీత గీసి, "పేరేంటమ్మా" అని అడిగింది. అమ్మకు అర్థం కాలేదు. పేరు చెప్పింది. అక్క పేరు రాసి, పక్కన 90 అని వేసి, తొంభై రూపాయలు చేతిలో పెట్టింది. అమ్మ నా వైపు చూసింది, తీసుకోవచ్చా అన్నట్టు. "తీసుకోమ్మా, కూలి అది. అందరికీ ఇదే రేటు" అంది అక్క.

ఆటోలో అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నన్ను పిలిచి, "అప్పడాలు కిలోకి ఎంత పడేదో ఇప్పుడు కట్టగలవా?" అని అడిగింది. పాత పుస్తకం లేదు. గుర్తున్న ధరలు చెప్తుంటే నేను కాగితం మీద వేశాను. ఆ రోజుల్లో చేను కూలి ఎంతో అమ్మే చెప్పింది, రోజుకు ముప్పై అయిదు. రాత్రిపూట ఒత్తిన గంటలకు ఆ లెక్కన సగం రోజు వేశాం. మేం అమ్మిన ధరకు, పడిన ఖర్చుకు మధ్య ఏమీ మిగల్లేదు. కొన్ని నెలలు ఎదురు పెట్టాం. అమ్మ ఆ కాగితాన్ని మడిచి తన పెట్టెలో పెట్టుకుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు: మంగళవారం సెలవు. నిప్పట్లు సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళితే ఆ రోజువే దొరుకుతాయి. వేడిగా కవరులో కట్టించుకోకండి, మెత్తబడతాయి. ఆమే చల్లారేదాకా ఆగమంటుంది, ఆగండి. అయిదు కిలోలు దాటితే మూడు రోజుల ముందు చెప్పాలి. పితికిపప్పు నవంబరు ఆఖరు నుంచి సంక్రాంతి దాటిన రెండు మూడు వారాల వరకు ఉంటుంది. కావాలంటే ముందు రోజు సాయంత్రం అయిదులోపు చెప్పాలి, ఎందుకంటే గింజలు ఆ రాత్రే నానబెట్టాలి. పొద్దున ఏడున్నరకు వెళితే వేళ్ల మధ్య నుంచి గిన్నెలో పడుతున్న పప్పునే తూకం వేసి ఇస్తుంది.